ఓడ దిగిన ఊళ్లో బోణీ

"పన్నెండున్నర కల్లా వెనక్కి వచ్చేద్దాం. మధ్యాహ్నం బఫేలో బిరియానీ ఉందంట" అన్నాడు మా అన్నయ్య, ఓడ మెట్లు దిగుతూ. వదిన సరేనంది. మా ఆయన వాచీ చూసుకున్నారు. పిల్లలకి ఏదైనా సమ్మతమే. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. చేతిసంచీ భుజం మీదికి లాక్కుని, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది.

అది 2023. ఊరు ట్రింకోమలీ, తమిళంలో తిరుకోణమలై, శ్రీలంక తూర్పు తీరం. చెన్నై నుంచి శ్రీలంకకి క్రూజ్ ఆ సంవత్సరం జూన్‌లోనే మొదలైంది. హంబన్‌తోట, ట్రింకోమలీ, జాఫ్నా పైనున్న కంకేసంతురై దాని దారిలో రేవులు. నెల్లూరువాళ్లకి చెన్నై పక్కూరి కింద లెక్క. పొద్దున కారెక్కితే మధ్యాహ్నానికి హార్బర్లో ఉంటాం. అమ్మకి విమానమంటే భయం, ఓడంటే లేదు. మైపాడులో మా ఇంటి అరుగు మీద కూర్చుంటే రాత్రిళ్లు కృష్ణపట్నం వైపు లంగరేసిన ఓడల దీపాలు కనిపిస్తాయి. ఒక్కసారైనా ఓడెక్కాలని ఎన్నాళ్ల నుంచో అంటోంది. అక్కడికి వచ్చేవన్నీ సరుకు ఓడలు. మనుషులెక్కే ఓడ కోసం చెన్నై పోవాల్సి వచ్చింది.

ఆ రోజు ట్రింకోమలీ రోడ్డు మీద మా ఇంట్లోవాళ్ల మధ్య నడిచిన వాదన నన్ను ఇంకా వదల్లేదు. అందులో నేను ఏ పక్షమో ముందే చెప్పేస్తాను. ఓడ దిగిన ఊళ్లో ఒక్క పూటైనా తినాలి. డబ్బులిచ్చి, కూర్చుని, ఆ ఊరివాళ్లు వండింది తినాలి. ఓడలో తిండి ఫ్రీ కదా అని కడుపు నింపుకుని దిగి, నాలుగు ఫోటోలు తీసుకుని, మళ్లీ ఓడలోకే పోయి తినడం ఆ ఊరికి అన్యాయం చెయ్యడమేనని గట్టిగా నమ్ముతున్నాను.

క్రూజ్ ఎక్కనివాళ్లకి ఇది కాస్త వివరంగా చెప్పాలి. టికెట్లోనే గది, మూడు పూటలా తిండి, సాయంత్రం ఆటాపాటా అన్నీ కలిపి ఉంటాయి. పొద్దున ఓడ రేవులో ఆగుతుంది, సాయంత్రం కదులుతుంది. దిగేటప్పుడు మన కార్డు స్కాన్ చేస్తారు, ఎక్కేటప్పుడు మళ్లీ చేస్తారు. ఓడ కదిలే టైముకి అరగంటో గంటో ముందే అందరూ లోపల ఉండాలి. మధ్యలో మిగిలిన ఏడెనిమిది గంటలే ఆ ఊరితో మనకున్న సంబంధం. ఆ టైముకి ఓడవాళ్లే టూర్లు అమ్ముతారు. ఏసీ బస్సు, గైడు, చూసే చోట్లు రెండు మూడు, చివర్లో ఒక షాపు. వాళ్ల టూర్లో వెళ్లినవాళ్లు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఆగదు. ఈ ఒక్క టెన్షన్‌తోనే చాలామంది బస్సెక్కేస్తారు. ఇంకొంతమంది అసలు దిగరు, రేవులో ఓడ ఖాళీగా ఉంటుంది కాబట్టి స్విమ్మింగ్ పూల్ దగ్గర హాయిగా పడుకుంటారు.

మరి ఆ ఊరికి ఏం మిగులుతుంది? టూర్ డబ్బుల్లో ఓడవాళ్ల వాటా పోగా బస్సుకీ గైడుకీ కొంత వెళ్తుంది. రేవు ఫీజులు రేవు నడిపేవాళ్లకి వెళ్తాయి. రోడ్డు పక్కన కొబ్బరిబోండాలు కొట్టేవాడికి, టిఫిన్ కొట్టు పెట్టుకున్న ఆడమనిషికి, ఆటో తోలే అతనికి ఓడ వల్ల దక్కేది ఏమైనా ఉంటే అది మన జేబులోంచి మన చేత్తో తీసి ఇచ్చిందే. వాళ్ల దగ్గరికి డబ్బు చేరడానికి ఇంకో దారి లేదు. ఇది ఏ ఒక్క కంపెనీ తప్పో అనను. ఆ వ్యాపారమే అట్లా కట్టి ఉంది. మనిషి ఎంతసేపు ఓడలో ఉంటే ఓడకి అంత లాభం. అందుకే దిగే ముందు కడుపు నిండా పెడతారు, తిరిగొచ్చే టైముకి ఘుమఘుమలాడేలా వండి పెడతారు. ఆ వాసనకి లొంగాలో వద్దో తేల్చుకోవాల్సింది మనం.

రేవు గేటు బయట ఒక పక్క టూర్ బస్సులు, ఇంకో పక్క ఆటోలు నిలబడి ఉన్నాయి. అక్కడ ఆటోని త్రీవీలర్ అంటారు. బస్సులు నిండి ఒక్కొక్కటే కదులుతుంటే ఆటోవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నెల్లూరు నుంచి వచ్చే కార్లు ఎక్కడా ఆగకుండా నేరుగా బీచ్ దాకా పోతుంటే మైపాడులో మావాళ్లు చూసే చూపు అదే. రెండు ఆటోలు మాట్లాడుకున్నాం. మాట్లాడింది అమ్మే. మా తీరంలో పట్టపు కులస్తుల పాలేల్లో ఇంటి భాష తమిళమే. ఆ పిల్లలతో ఆడుకుని నేర్చుకున్న అరవం అమ్మకి అరవై అయిదేళ్ల వయసులో లంకలో పనికొచ్చింది. వాళ్ల యాస వేరు, ఈమె యాస వేరు. అయినా బేరం కుదిరింది.

చూడాల్సినవి ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. నిలావెలి బీచ్, దాని ఎదురుగా పావురాల దీవి, కన్నియా దగ్గర ఏడు వేడినీళ్ల బావులు. అన్నీ చుట్టి రావాలంటే రోజంతా ఆటోలోనే గడిచిపోతుంది. మేము కోణేశ్వరం గుడి ఒక్కటే పెట్టుకున్నాం. ముసలివాళ్లతో, పిల్లలతో దిగేవాళ్లకి నా సలహా కూడా ఇదే. రేవుకి దగ్గరలో ఒక్క చోటు చూసుకుని, అక్కడే తిని, అక్కడే కూర్చుని, టైముకి రెండు గంటల ముందే వెనక్కి వచ్చేస్తే ఓడ పోతుందన్న భయమే ఉండదు. టైము చాలదు కాబట్టి బయట తినలేం అనేవాళ్లు సాధారణంగా అయిదు చోట్లకి పరిగెత్తే ప్లాను వేసుకున్నవాళ్లే.

గుడి సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొస మీద ఉంది. ఫ్రెడరిక్ కోట లోపలి నుంచి నడిచి పోవాలి. తమిళుల శివభక్తి పాటల సంకలనం తేవారంలో, సంబంధర్ అనే శివభక్తుడు పాడిన శివక్షేత్రం అది. 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఆ గుడి పడగొట్టి, ఆ రాళ్లే వాడి కోట కట్టారు. తర్వాత డచ్చివాళ్లు వచ్చారు, వాళ్ల తర్వాత ఇంగ్లీషువాళ్లు. అందరూ వచ్చింది ఆ రేవు కోసమే. కొండల మధ్య లోతుగా, గాలివానకి అదరని నీళ్లు. ఇంత మంచి సహజమైన రేవులు ప్రపంచంలో కొద్దిగానే ఉన్నాయి. 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాలు ట్రింకోమలీ మీద బాంబులు వేశాయి. అంతకు మూడు రోజుల ముందే మన విశాఖపట్నం, కాకినాడల మీద వేశాయి. ఈ సంగతి మా ఆయన చెప్తుంటే అమ్మ కోట గోడ రాళ్లని చేత్తో తడుముతూ నడిచింది. ఇప్పుడున్న గుడి 20వ శతాబ్దంలో మళ్లీ కట్టుకున్నది.

కోటలో చుక్కల జింకలు మేకల్లాగా తిరుగుతుంటాయి. మా మేనల్లుడి చేతిలో ఓడలోంచి తెచ్చుకున్న బిస్కెట్ ప్యాకెట్ ఉంది. ఒక జింక దగ్గరికొచ్చి, కింద పడ్డ బిస్కెట్ వదిలేసి, కవరు పట్టుకుని లాగింది. దారి పక్కన బొమ్మలమ్మే ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి కవరు లాగేసి వాడి జేబులోనే కుక్కాడు. ప్లాస్టిక్ తిని జింకలు చచ్చిపోతున్నాయని అమ్మకి చెప్పాడు. ఓడలోంచి తిండి వెంట తెచ్చుకుంటే ఊరికి మిగిలేది ఆ కవరే. కార్తీక పౌర్ణమి మర్నాడు మైపాడు ఇసకలో ఏం మిగిలి ఉంటుందో చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

కొండ చివర రావణుడి విగ్రహం చేతులు జోడించి ఉంటుంది. జబ్బుపడ్డ తల్లి కోసం గుడినే పెకలించి తీసుకుపోవాలని చూశాడని, కొండకి పడ్డ ఆ పెద్ద చీలిక అతని కత్తి వల్ల వచ్చిందేనని అక్కడ చెప్తారు. "తల్లి కోసం చేసినాడంట" అని అమ్మ రెండుసార్లు అంది.

దిగేసరికి పదకొండు దాటింది. ఎండ మండిపోతోంది. కోట గేటు దాటి బీచ్ వైపు పోయే దారిలో నీలం పట్టా కట్టిన కొట్టు ఒకటి ఉంది. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, పక్కన నారింజ రంగు కొబ్బరిబోండాల గెల. లోపల యాభై ఏళ్ల ఆవిడ కూర్చుని ఉంది. మేం దాటిపోయాం. పది అడుగులు వేశాక చూస్తే అమ్మ పక్కన లేదు. వెనక్కి తిరిగితే కొట్టు ముందు నిలబడి ఉంది.

నేను దగ్గరికి పోగానే గొంతు తగ్గించి, "ఈమెకి ఇంకా బోణీ కాలేదు మే" అంది. ఎట్లా తెలిసిందమ్మా అన్నాను. గ్లాసులు చూడమంది. స్టీలు గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి కింద తడి లేదు. బల్ల మీద ఎక్కడా గ్లాసు పెట్టిన మరక లేదు. పళ్లెం మీద కప్పిన తెల్లగుడ్డ మడత నలగలేదు. పొయ్యి చుట్టూ తుడిచింది తుడిచినట్టే ఉంది. డబ్బుల డబ్బా మూత మీద పొద్దున పెట్టిన కుంకుమ బొట్టు వేలు తగలకుండా గుండ్రంగా ఉంది. ముప్పై ఏళ్లు కొట్టు నడిపిన మనిషికి కాబట్టి అవన్నీ కనిపించాయి. నాకైతే అది రోడ్డు పక్కన ఇంకో కొట్టు, అంతే.

అమ్మ ఆవిడతో మాట కలిపింది. ఆ రోజు ఆదివారం. మామూలుగా ఆదివారం కొట్టు తెరవదట. ఓడ వస్తోందని నలుగురూ అనుకుంటుంటే విని తెరిచింది. నాలుగింటికే లేచి రెండింతల పిండి సిద్ధం చేసుకుంది. పక్కింటి వాళ్ల దగ్గర కొబ్బరికాయలు అప్పు తెచ్చింది. పొద్దున్నుంచీ బస్సులు ఆమె ముందు నుంచే గుడికి వెళ్లాయి, ఆమె ముందు నుంచే తిరిగి వెళ్లాయి.

"అమ్మా, ఓడలో అన్నీ ఫ్రీగా ఉంటే ఇక్కడ ఎందుకు తినడం? పిల్లల కడుపులు పాడైతే ఏం చేస్తాం?" అన్నాడు అన్నయ్య. అమ్మ వాడి వైపు తిరిగి, "ఆడ తినేదానికి డబ్బులు ఎప్పుడో కట్టేసినావు అబ్బయా. నువ్వు తిన్నా పోయినాయి, తినకపోయినా పోయినాయి. ఆ లెక్క ఆడనే మర్చిపో. ఈడ ఆకలేస్తా ఉందా లేదా అది చెప్పు" అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంక ఎవరూ మాట్లాడలేదు.

ఆవిడ లేచి పొయ్యి వెలిగించింది. మన జంతికల గొట్టంలాంటి చెక్క గొట్టంలో ఎర్రబియ్యం పిండి పెట్టి, చిన్న అల్లిక తట్టల మీద గుండ్రంగా వత్తింది. ఇడియాప్పం. చెయ్యి ఒక్కసారి తిప్పితే ఒక చుట్ట. ఒకదాని మీద ఒకటి పేర్చి ఆవిరికి పెట్టింది. మూత తియ్యగానే వచ్చిన ఆవిరికి మా అమ్మాయి కళ్లజోడు మసకేసింది. కొబ్బరిపాలతో చేసిన సొది పోసింది, పచ్చికొబ్బరి ఎండుమిర్చి కలిపి నూరిన సంబల్ పక్కన పెట్టింది. చేపల కూర మట్టిచట్టిలో ఉంది. చింతపండు పులుసే, కొబ్బరిపాలు కలిపిందంతే. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ఇందులో రొవంత మామిడికాయ పడితే మన పులుసే" అని తెలుగులో నాతో అని, అదే మాట తమిళంలో ఆవిడకి చెప్పింది. మామిడికాయా అని ఆవిడ ఆశ్చర్యపోయింది. పులుసులో మామిడికాయ ఎప్పుడు వెయ్యాలో, ఎంత వెయ్యాలో అమ్మ చేతులతో చూపిస్తూ చెప్పింది.

ఏడుగురం తిన్నాం, బోండాలు తాగాం, అల్లం టీ తాగాం. మొత్తం 3,500 శ్రీలంక రూపాయలు, మన డబ్బులో వెయ్యి లోపే. అమ్మ నోట్లు తన చేత్తో ఇచ్చింది. ఆవిడ వాటిని కళ్లకద్దుకుని డబ్బా మూత తీసింది. మూత మీది కుంకుమ ఆవిడ బొటనవేలికి అంటింది.

అమ్మ ఆ వేలి వంకే ఎందుకు చూసిందో నాకు తెలుసు.

మైపాడు బీచ్‌లో మా అమ్మది బజ్జీలు, టీ, రొయ్యల వేపుడు అమ్మే కొట్టు. ఆదివారాలు, కార్తీక మాసం, సంక్రాంతి సెలవులు వస్తే జనం తిరునాళ్లలాగా వస్తారు. కార్తీక పౌర్ణమికి అమ్మ రెండింతల శనగపిండి కలిపేది. జనం కార్లలో, వ్యాన్లలో వచ్చేవాళ్లు. పులిహోర, దద్దోజనం, నెల్లూరు నుంచి తెచ్చుకున్న బిరియానీ పొట్లాలు, మంచినీళ్ల క్యాన్లు, అన్నీ వెంట తెచ్చుకునేవాళ్లు. మా కొట్టు నీడలో చాప పరుచుకునేవాళ్లు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి మా తడిక వెనక్కి వచ్చేవాళ్లు. చెయ్యి కడుక్కోవడానికి మా కుండలో నీళ్లు అడిగేవాళ్లు. అమ్మ ఏనాడూ కాదనలేదు. రాత్రి ఇంటికొచ్చి మిగిలిన పిండి ఉల్లిపాయ తరిగి మాకే వేసిపెట్టేది. వరసగా మూడు రోజులు బజ్జీలే తిన్న గుర్తు నాకుంది. ఆ వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. కొట్లో ఆ పూట అమ్మకి ఎన్ని రూపాయలు వచ్చాయన్న ఆలోచన వాళ్లకి తట్టలేదు, అంతే. నేను పెద్దయ్యాక నెల్లూరు నుంచి అదే బీచ్‌కి స్నేహితులతో క్యారియర్లు కట్టుకుని పోయాను. నాకూ తట్టలేదు.

2004 డిసెంబర్ 26 కూడా ఆదివారమే. పౌర్ణమి కూడా. పొద్దున్నే సముద్రం ఊరి మీదికి వచ్చింది. అమ్మ పరిగెత్తి ప్రాణం దక్కించుకుంది, కొట్టు పోయింది. మా రాష్ట్రంలో వందమందికి పైగా చనిపోయారు. శ్రీలంకలో ఆ లెక్క 30,000 దాటింది, ఈ తూర్పు తీరమే ఎక్కువ దెబ్బ తింది. తర్వాత మాకు బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, పాతబట్టల మూటలు వచ్చాయి. ఇచ్చినవాళ్లకి ఈ రోజుకీ దణ్ణం పెడతాం. కానీ సముద్రం అంటే భయపడి బీచ్‌కి మనిషన్నవాడు రాలేదు. చేపలు తినడానికి కూడా జనం వెనకాడారు. అమ్మ తాటాకులతో కొట్టు మళ్లీ వేసుకుని రోజూ పొయ్యి వెలిగించి కూర్చునేది. ఎన్నో రోజుల తర్వాత ఒక సాయంత్రం ఇందుకూరుపేట నుంచి సైకిల్ మోటారు మీద ఒక మొగుడూ పెళ్లాం వచ్చారు. రెండు ప్లేట్లు బజ్జీలు తిన్నారు. పది రూపాయలు ఇచ్చి పోయారు. ఇంటికొచ్చి అమ్మ ఏడ్చింది. సునామీ వచ్చిన రోజు కూడా అంతగా ఏడవలేదు. ఆ పది రూపాయల నోటు ఇప్పటికీ మా ఇంట్లో లక్ష్మీదేవి పటం వెనకాల ఉంది.

సాయం చేసేవాళ్ల ముందు చెయ్యి చాపాలి. బేరానికి వచ్చినవాళ్ల ముందు చెయ్యి చాపక్కర్లేదు, వాళ్లకి కావలసింది మన దగ్గర ఉంటుంది. ఈ తేడా అమ్మ నోటితో ఎప్పుడూ చెప్పలేదు, ఆ నోటు దాచుకున్న తీరులో నాకు తెలిసింది.

కొట్లో ఆ ఇద్దరూ సముద్రం గురించి కాసేపు మాట్లాడుకున్నారు. "మీకూ వచ్చిందా?" అని ఆవిడ అడిగింది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో అమ్మ తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. ఆవిడ తల పైకి చెయ్యెత్తి చూపించింది. తర్వాత ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అడగలేదు.

శ్రీలంకకి 2019 ఈస్టర్ బాంబు పేలుళ్ల తర్వాత టూరిస్టులు తగ్గారు, కోవిడ్‌తో రావడం దాదాపు ఆగిపోయింది. 2018లో 23 లక్షలమందికి పైగా వచ్చిన దేశానికి 2021లో రెండు లక్షలమంది కూడా రాలేదు. దానికి తోడు అప్పులు, చేతిలో డాలర్లు లేకపోవడం. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించింది. పెట్రోలు కోసం, గ్యాసు కోసం జనం రోజుల తరబడి క్యూలలో నిలబడ్డారు. ఆ సంవత్సరం మన దేశం సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. దేశాలు దేశాలకి చేసేది అట్లా ఉంటుంది. ఒక సంవత్సరం తర్వాత ఆ దేశంలో దిగిన మాలాంటి కుటుంబం చెయ్యగలిగింది గ్యాసు దొరక్క కొట్టు మూసుకుని మళ్లీ తెరుచుకున్న మనిషి దగ్గర కూర్చుని తినడం. మా వెయ్యి రూపాయలతో లంక బాగుపడుతుందా అని అన్నయ్య అడిగాడు. పడదు. ఓడలో వెయ్యి మందికి పైనే ఉన్నాం. అందులో సగం మంది మనిషికి నూటయాభై రూపాయల టిఫిన్ తిన్నా ఆ పూట ఆ రోడ్డు మీద పొయ్యి వెలగని కొట్టు ఉండేది కాదు. ఆ లెక్క చెప్తే అన్నయ్య ఒప్పుకోలేదు, అట్లాగని కొట్టేయనూ లేదు.

కడుపు పాడవుతుందన్న భయం మాత్రం న్యాయమైనదే. దానికి జవాబు కళ్ల ముందే పొగలు కక్కుతూ వండింది తినడం. ఇడియాప్పం ఆవిరి మీద ఉడుకుతుంది, టీ మరుగుతుంది, బోండాం మన ముందే కొడతారు. కోసిపెట్టిన పండ్లు, ఐసు, చల్లారిపోయిన కూరలు వద్దనుకుంటే చాలు. నడవలేని పెద్దవాళ్లు, చక్రాల కుర్చీ మీద ఉన్నవాళ్లు ఓడ టూర్ తీసుకోవడమే మంచిది. అప్పుడు కూడా బస్సు ఆగిన చోట దిగి ఒక టీ తాగొచ్చు, పూలమ్మే దగ్గర పూలు కొనొచ్చు.

ఓడల మీద విసిగిపోయిన ఊళ్లు కూడా ఉన్నాయి. ఇటలీ ప్రభుత్వం 2021లో పెద్ద ఓడలని వెనిస్ ఊరి మధ్య కాలువలోకి రానివ్వడం మానేసింది. గ్రీసు దేశం 2025 నుంచి సీజన్లో సాంటొరీని దీవిలో దిగే ఒక్కో క్రూజ్ ప్రయాణికుడి మీద 20 యూరోలు వసూలు చేస్తోంది. వేలమంది ఒక్కసారిగా దిగి, వీధులు నింపి, ఏమీ కొనకుండా వెళ్లిపోతుంటే ఊరివాళ్లు పన్ను వెయ్యక ఏం చేస్తారు? వాళ్లు పన్నుగా లాక్కునేదాకా ఆగడం కన్నా మనమే ప్లేటు ముందు కూర్చుని ఇవ్వడం మర్యాదగా ఉంటుంది.

మర్యాద అంటే మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. మొన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండి 2022లో బాపట్ల జిల్లాలోకి పోయిన మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. అక్కడ వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు తుఫానుకి చిక్కి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. ఇక మీదట అట్లా జరగదని, సుంకం మాత్రమే తీసుకుంటామని, ప్రాణాలకి తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్లకి భయం అక్కర్లేదని ఆ శాసనం మాట ఇచ్చింది. రేవువాళ్లు ఓడ మనుషులతో ఎట్లా ఉండాలో మనవాళ్లు దాదాపు 800 ఏళ్ల కిందటే రాయి మీద చెక్కించారు. ఓడ మనుషులు రేవువాళ్లతో ఎట్లా ఉండాలో ఎక్కడా చెక్కలేదు. ట్రింకోమలీ నుంచి వచ్చాక ఒకసారి ఒంగోలు పనిమీద పోయి, అక్కడి నుంచి మోటుపల్లి వెళ్లి ఆ శాసన స్తంభం ముందు నిలబడ్డాను. అమ్మ కుర్చీ లాక్కుని కూర్చున్నదే గుర్తొచ్చింది.

ఆ రోజు అన్నయ్య మధ్యాహ్నం ఓడలో బిరియానీ కూడా తిన్నాడు. తినొద్దని నేననలేదు. మేం మూడింటికే ఓడెక్కేశాం. ఎక్కేముందు కొట్టు దగ్గరికి ఇంకోసారి పోయాం, అమ్మ కళ్లజోడు పెట్టె అక్కడే మర్చిపోయానంది. నిజానికి పెట్టె సంచీలోనే ఉంది. అప్పటికి ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని బోండాలు తాగుతున్నారు, ఓడలో మా అంతస్తులోనే ఉన్న చెన్నై పిల్లలు. ఆవిడ అరటాకులో సంబల్ కట్టి అమ్మ చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

మళ్లీ ఓడ ఎప్పుడొస్తుందని అడిగింది. మాకు తెలియదన్నాం. దిగేవాళ్లకి చెప్పమని అమ్మని అడిగింది. "చెప్తాలే" అంది అమ్మ. ఆ మాట ఇచ్చింది అమ్మ, రాయడం చేతనైంది నాకు. కాబట్టి ఓడలో ట్రింకోమలీ వెళ్లేవాళ్లకి దారి చెప్తున్నాను. రేవు నుంచి కోటకి ఆటోలో కాసేపే. గుడికి పోయేటప్పుడు కోట గేటు దాటకముందే బీచ్ వైపు చూడండి. నీలం పట్టా, నాలుగు కుర్చీలు, నారింజ రంగు బోండాలు. ఓడ వచ్చింది ఆదివారమైతే, తొమ్మిది లోపు వెళ్తే బోణీ మీ చేత్తోనే అవుతుంది.